ఎండకు పెరిగిన వాసన

జూలై 3

పై వాటాలో అద్దెకున్న దుర్గ సంచి తిరిగి ఇచ్చింది. ఉతికి, మడిచి, పైన ఒక జామకాయ పెట్టి. ఖాళీ సంచి ఇవ్వకూడదని వాళ్లమ్మ నేర్పిందట. "చాలా పనికొచ్చిందక్కా, మా ఆయన కొత్తది కొనుక్కున్నారు" అంది. మేడ మెట్లెక్కుతూ నడుం మీద చెయ్యి... ఐదో నెల.

సంచి అలమరలో పెట్టబోతే ఏదో వాసన.

జూలై 4

అనుమానం కాదు, నిజంగానే వస్తోంది. అడుగు నుంచి. నీచు వాసన లాంటిది. నీచే అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

నేను కుట్టిన సంచి ఇది. మందం గుడ్డ, లోపల అస్తరు, అడుగున నిలబడటానికి అట్ట, పైన జిప్పు. రెండేళ్లు ఆయన మధ్యాహ్నం భోజనం ఇందులోనే దుకాణానికి వెళ్లింది. వేసవి నుంచి ఆయన ఇంటికొచ్చి తింటున్నారు, సంచి అలమర పాలైంది. పోయిన నెల దుర్గ భర్త శ్రీను సంచి తెగిందంటే నేనే తీసి ఇచ్చాను. పొద్దున్నే కంపెనీ బస్సులో శక్తినగర్ పోవాలి, కరెంటు ప్లాంటులో డ్యూటీ, క్యారియర్ చేత్తో పట్టుకుని వేలాడతాడా పాపం అని. ఎవరడిగారు నన్ను?

జూలై 5

సబ్బు. రెండుసార్లు. ఆరాక అదే.

జూలై 6

నిమ్మచెక్కలు. అస్తరు మీద, మూలల్లో, జిప్పు సందుల్లో. తడిగా ఉన్నంతసేపు నిమ్మ. ఆరాక నిమ్మ పోయింది, అది ఉండిపోయింది.

అత్తమ్మ వసారాలోంచి, "ఏందే, సంచికి నలుగు పెడ్తున్నవ్?"

"మరక పడ్డది అత్తమ్మా."

అబద్ధం. దుర్గ కోసం ఆడాను. ఆ పిల్లను కాపాడుతున్నానని కాస్త గర్వంగా కూడా ఉంది.

జూలై 8

వంట సోడా చల్లి ఒక పూట ఉంచి, దులిపి, మేడ మీద తీగకు వేశాను. రాయచూరు ఎండ. పాపాలు కూడా ఆవిరైపోవాలి.

సాయంత్రం తీస్తే వాసన తగ్గకపోగా ఎక్కువైంది! పొద్దున వేసినప్పుడు ఇంత లేదు. ప్రమాణంగా లేదు.

తీగ దుర్గ వంటింటి కిటికీ పక్కనే ఉంటుంది.

జూలై 9

దాచలేకపోయాను. అత్తమ్మే వెతుక్కుంటూ వచ్చింది. సంచి ఎత్తి ఒక్క పీల్పు పీల్చి, కింద పడేసి, చేతులు కడుక్కుంది. "ఏంది గిది? చేప కంపు గదే! పైన వండుతుండ్రా?"

"సంచి బయట తిరిగింది గదా అత్తమ్మా, బస్సుల, ప్లాంటుల..."

"నా ముక్కుకు చెప్పకు. డెబ్బై ఏండ్ల ముక్కు."

డెబ్బై ఏళ్ల ముక్కే. కానీ ఆ ముక్కు చేపను ఎక్కడ చూసింది? చేపల బజారు సందు వస్తే కొంగు అడ్డం పెట్టుకుని మలుపు తిరిగే ముక్కు. నాదీ అంతే. అయినా ఇద్దరికీ ఎంత నమ్మకమో.

జూలై 11

వాళ్లు దిగినప్పుడు అత్తమ్మ పెట్టిన షరతు ఒకటే. ఇంట్లో నీచు వండొద్దు, కోడిగుడ్డు కూడా రానియ్యొద్దు. దుర్గ శ్రీను వైపు ఒకసారి చూసి, "అలాగే మామ్మగారూ" అంది. అత్తమ్మ లోపలికొచ్చి నవ్వింది, "మామ్మ ఏంది, పిల్ల నోరు మంచిది" అని. సింధనూరు దగ్గర వలస రైతుల క్యాంపులో పుట్టి పెరిగిన పిల్ల. కాలువ కింద వరి వేయడానికి వాళ్ల తాత గోదావరి వైపు నుంచి వచ్చాడట. మాటలో ఆ సాగదీత ఇంకా పోలేదు. నాకది ఇష్టం. సాయంత్రం మెట్ల మీద కూర్చుని ఆ పిల్ల మాట్లాడుతుంటే నా పప్పు మాడిన రోజులున్నాయి.

రాత్రి భోజనం దగ్గర ఆయనకు చెప్పాను. "సుమ్నే, ఊరికే ఎందుకు లొల్లి? వాసనకే ఇంట్ల కచేరీ పెడ్తరా?" అని మజ్జిగ తాగి లేచారు. దుకాణంలో పప్పులు చూసి తేమ శాతం చెప్పే మనిషి, ఇంట్లో దేనికీ ముక్కు పెట్టరు.

జూలై 12

మేడ మీది ట్యాంకు కారుతోందని వంక పెట్టుకుని పైకి వెళ్లాను.

దుర్గ పడుకుని ఉంది. పోపు పెడితే చాలు వాంతి వస్తోందట, రెండు రోజులుగా పెరుగన్నమే. "కూర్చోండక్కా" అని లేవబోయింది. నేను కూర్చోలేదు. వంటింట్లోకి వెళ్లి కుళాయి చూస్తున్నట్టు నిలబడి గాలి పీల్చాను. అల్మారాలో గుడ్డ కట్టిన జాడీ ఒకటి. ఏమ్మా ఇది? "మాగాయక్కా, మా అమ్మ పంపింది. తీసుకెళ్తారా కొంచెం?" గుడ్డ విప్పి చూపించింది. మాగాయే.

జాడీ వైపు చూసి నా మొహం చూసింది. పిచ్చిది కాదు గదా, అర్థమైంది.

కిందికొచ్చేటప్పుడు సిగ్గేసింది. సిగ్గు మెట్ల దాకానే. వాకిట్లో మళ్లీ సంచి కనపడింది.

జూలై 13

పోయిన వారం దుర్గకు రెండు జొన్నరొట్టెలు, పక్కన నా అగసె పొడి పంపాను. రొట్టెలు తింది, పొడి డబ్బా అట్లాగే తిరిగొచ్చింది. "అవిసె గింజల పొడా అక్కా? ఇప్పుడు సహించట్లేదు, ఏమనుకోకండి" అని. అనుకున్నాను! నా పొడిని వద్దన్న మనిషి ఈ జిల్లాలో పుట్టలేదనుకున్నాను ఇన్నాళ్లూ. అవిసెలు దోరగా వేయించి, వెల్లుల్లి, ఎండుమిర్చి, చింతపండు... ఏడాదైనా చెడదు.

అది సహించదు గానీ ఎండుచేప సహిస్తుందేమో. ఇలా రాయకూడదు. రాశాను.

జూలై 14

పరీక్ష పెట్టాను. వెనిగర్ కలిపిన నీళ్లలో నానబెట్టి, పిండి, నీడలో ఆరబెట్టాను. వాసన సన్నగా ఉంది, ముక్కు ఆనిస్తే గానీ తెలియదు. తర్వాత కావాలనే పైన దుర్గ కిటికీ పక్క తీగకు, మిట్టమధ్యాహ్నం.

సాయంత్రం తీసే సరికి గుప్పుమంది.

ఇంకేం కావాలి సాక్ష్యం?

జూలై 15

అడిగేశాను. నిదానంగా అడగాలని మెట్లెక్కుతూ మాటలు కూర్చుకున్నాను. తలుపు తీయగానే కూర్చుకున్నదంతా పోయింది.

"నిజం చెప్పు దుర్గా. పైన చేపలు వండుతున్నవా?"

"లేదక్కా! అయ్యో... ఎవరన్నారు?"

"సంచి చెప్తుంది. నీ కిటికీ కాడ పెడితే చాలు."

సంచి తీసుకుని వాసన చూసింది. ఒకసారి కాదు, శ్రద్ధగా రెండుసార్లు. అప్పుడంది, "ఇది చేప వాసన కాదక్కా. చేపదైతే నాకు తెలీదా? ఎండుచేప వేరు, పచ్చిచేప వేరు. ఇది ఏదో... నూనె వాసన."

నేనేం అన్నాను? "అంత బాగా తెలుసన్న మాట!" అన్నాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అని కూడా అన్నాను. నవ్వుతూ అన్నాను, అదొకటి.

ఆ పిల్ల మొహం ఎర్రబడింది. "మా అమ్మ మీదొట్టు, ఈ ఇంట్లో ఒక్క రోజు వండలేదు" అంది. ఒట్టు ఎందుకు పెట్టుకోవాలి తప్పు లేకపోతే... అని అనుకుంటూ దిగాను.

జూలై 16

దుర్గ ఈరోజు కిందికి రాలేదు. నీళ్లు వచ్చిన రోజు కూడా శ్రీనే బిందెలు మోశాడు. నన్ను చూసి తలూపాడు.

జూలై 18

అత్తమ్మ తీర్పు. "శ్రావణం వస్తుంది. నోములు, పూజలు. గా కంపుల అమ్మవారిని పిలుస్తవా? ఖాళీ చెయ్యమను."

"ఆషాఢం అత్తమ్మా, ఎవరు ఇల్లు మారుతరు? పైగా కడుపుతో ఉంది."

"ఆషాఢం పోయినంక పోతరు."

కడుపుతో ఉన్నవాళ్లు ఇల్లు మారకూడదని మా ఆడపడుచుకు ఏడో నెలలో బదిలీ అయితే సామాను కదపనివ్వని మనిషి. పంచాంగం చూడకుండా గోళ్లు కూడా తీయని మనిషి. ఈ పిల్లకు మాత్రం ఆ పట్టింపు లేదు. నాకు ఆ మాట నాలుక చివర దాకా వచ్చింది. అనలేదు. అంటే నేను వాళ్ల పక్షం అనుకుంటుంది. ఆ భయం.

జూలై 20

ఆయన్ను చెప్పమన్నాను. "మీ ఆడోళ్ల పంచాయితీ, మీరే చెప్పండి" అని దుకాణానికి వెళ్లిపోయారు. నేనే చెప్పాను.

ఎలా చెప్పాలో తెలియక అత్తమ్మ మీదికి నెట్టాను. "పెద్దామె ఒప్పుకుంటలేదమ్మా" అని. దుర్గ గడప లోపల, నేను బయట. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "మీరు నమ్మారా అక్కా?" అని ఒక్కటే అడిగింది.

"నా నమ్మకంతో ఏముంది..."

"అదే అడుగుతున్నా. మీరు?"

నేను పమిట చెంగు వేలికి చుట్టుకుంటూ నిలబడ్డాను. ఆ పిల్లకు జవాబు అందినట్టుంది.

జూలై 27

వెళ్లిపోయారు. చిన్న ఆటోట్రాలీ. మంచం, గ్యాసు, రెండు ట్రంకు పెట్టెలు, ఆ మాగాయ జాడీ. శక్తినగర్‌లో ఎవరిదో గది దొరికిందట, రేకుల కప్పు. ప్లాంటుకు దగ్గరలే అని అత్తమ్మ. నిజమే, దగ్గరే.

కుంకుమ పెట్టి, జాకెట్ ముక్క చేతిలో పెట్టాను. కడుపుతో ఉన్న పిల్లను ఉత్త చేతులతో పంపకూడదు గదా! ఇంట్లోంచి పంపించొచ్చు గానీ ఉత్త చేతులతో పంపకూడదు. మన ఆచారాలు.

దుర్గ తీసుకుంది. వంగి దండం పెట్టబోయి ఆగింది. పొట్ట వల్ల అనుకుంటాను.

జూలై 28

పై వాటా కడిగించాను. పసుపునీళ్లు అత్తమ్మే చల్లింది. వంటింటి గోడలు వాసన చూశాను. సున్నం వాసన. అంతే.

ఆగస్టు 8

వరలక్ష్మీ పూజ. అందరూ వచ్చారు. బాగా జరిగింది. పులిహోర తీసి పక్కన పెట్టాను, అలవాటు కొద్దీ, పైకి పంపడానికి.

ఆగస్టు 12

మెట్లు ఖాళీ. సాయంత్రం పప్పు మాడడం లేదు.

ఆగస్టు 18

దుకాణంలో పండగ గిరాకీ మొదలైంది, ఆయనకు మధ్యాహ్నం రావడం కుదరదట. మళ్లీ సంచి కావాలి. వాళ్లు పోయారు, ఇక పైన వండేవాళ్లు లేరు, ఈసారి ఉతికితే పోతుంది అనుకున్నాను. కుంకుడుకాయ నురగలో ముంచి, బాగా జాడించి, మేడ మీద వేశాను. అదే తీగ, ఎండ కూడా అట్లాగే ఉంది.

ఆగస్టు 19



సంచి తీయడానికి మేడ మీదికి వెళ్లాను. నాలుగడుగుల దూరం నుంచే కొట్టింది. అదే వాసన. ఇంకా ఘాటుగా. దుర్గ కిటికీ మూసి ఉంది, తలుపుకు నేనే వేసిన తాళం. పక్కింటి వాళ్లు ఊళ్లో లేరు. వీధిలో పొయ్యి లేదు.

ఎండ తప్ప ఇంకేమీ లేదు అక్కడ.

ఎండకే పెరుగుతోంది. సంచిలోనే ఉంది. మొదటి నుంచీ సంచిలోనే... పొద్దుపోయేదాకా ట్యాంకు గట్టు మీద కూర్చున్నాను.

ఆగస్టు 20

ఆయన వెళ్లాక, అత్తమ్మ నిద్రలో ఉండగా, కత్తెర తీసుకుని అస్తరు విప్పాను. నా కుట్టు గట్టిది, రావడానికి మొండికేసింది. అడుగున అట్ట. ఒక మూల అంతా ముదురు గోధుమ రంగు, ముట్టుకుంటే జిగురు, తలుపుకు వేసిన వార్నిష్ ఆరీ ఆరనట్టు. ఆ జిగురులో చిన్న చిన్న పలుకులు. గోటితో గీరి చూశాను.

అగసె గింజల పలుకులు.

లేచి వంటింట్లోకి వెళ్లాను. చలికాలంలో చేసిన పొడి డబ్బా. మూత తీశాను. రోజూ తీస్తాను, రోజూ వడ్డిస్తాను, ఎప్పుడూ వాసన చూడలేదు. ఈరోజు చూశాను. వెల్లుల్లి కింద, మిర్చి కింద... అదే. పలచగా అదే.

పొడిలో నూనె కలిపి చిన్న డబ్బాలో పెట్టి ఇచ్చేదాన్ని ఆయనకు. ఆ డబ్బా మూత సరిగ్గా పెట్టడం ఆయనకు ఈ జన్మలో రాదు. కారి, అట్టకు పట్టి, వేసవంతా అలమరలో మగ్గింది. దుర్గ చేతికి వెళ్లేసరికే కంపు సిద్ధంగా ఉంది. నేనే వండి, నేనే సంచిలో పెట్టి, నేనే పంపించి, తిరిగొచ్చాక నింద ఆ పిల్ల మీద పెట్టాను.

ఎవరి కంపు వాళ్లకింపు అంటారు. ఇంపు కూడా కాదు. అసలు కనపడనే లేదు.

ఆగస్టు 21

అత్తమ్మకు అట్ట చూపించాను. ఒక చేతిలో అట్ట, ఒక చేతిలో డబ్బా. ముందు ఒప్పుకోలేదు. మూడుసార్లు మార్చి మార్చి చూపించాక, "ఔ... అగసె గదా గిది" అంది. తర్వాత, "ఐతే ఏమాయె ఇప్పుడు. పోయినోళ్లు పోయిండ్రు. అయినా గాళ్లు తినేటోళ్లే గదా, ఇయ్యాల కాకుంటే రేపు వండుతుండ్రి."

మధ్యాహ్నం రొట్టెలోకి పొడి అడగలేదు. అదొక్కటే ఆమె ఒప్పుకోవడం.

ఆయనకు చెప్పాను. "నేను డబ్బా మూత..." అన్నారు. ఆపేశారు.

ఆగస్టు 23

ఫోన్ చేశాను. మోగింది. ఎత్తలేదు. మళ్లీ చేయడానికి ధైర్యం చాల్లేదు.

ఏం చెప్పాలి ఫోన్లో? హలో దుర్గా, అది అగసె పొడి, అని?

ఆగస్టు 25

గుర్తొస్తున్నాయి అన్నీ. పోపు వాసనకే వాంతి చేసుకునే పిల్ల ఎండుచేపలు వేయిస్తుందా? ఆ మాట నేనే రాశాను జూలైలో, నా చేత్తో. "ఏదో నూనె వాసన" అని ఆ పిల్ల చెప్పనే చెప్పింది. తెలిసిన మనిషి చెబితే తెలిసినందుకే తప్పు పట్టాను. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. ఆ సామెత అందరికీ చెబుతాను నేను.

వాళ్ల వంటింట్లో నిలబడి గాలి పీల్చాను. అది అన్నిటికంటే... చాలు.

సెప్టెంబర్ 1

అట్ట తీసేశాక సంచి మామూలు గుడ్డ. ఆ జిగురు చన్నీళ్లకు లొంగలేదు, నిమ్మకు లొంగలేదు. శనగపిండి పొడిగా రుద్ది నూనె పీల్చనిచ్చి, దులిపి, మరిగే నీళ్లలో బట్టల సోడా వేసి చల్లారేదాకా ఉంచాను. మళ్లీ అట్లాగే. తర్వాత కుంకుడు. ఆరబెట్టడం నీడలో, గాలికి.

వాసన లేదు. మూల దగ్గర గుడ్డ కాస్త బిరుసు, అంతే.

ఇంత తేలికగా పోయేదే. మొదటి రోజు అస్తరు విప్పి ఉంటే సరిపోయేది. నా కుట్టు పాడవుతుందని విప్పలేదు.

సెప్టెంబర్ 6

అత్తమ్మతో: "శక్తినగర్ పోయొస్త."

"ఎందుకు?"

"చెప్పనీకి."

"చెప్పి? మళ్ల తెచ్చి పెడ్తవా పైన?"

నిజమే, ఏం చేయడానికి పోతున్నాను? క్షమించమని అడగడానికా, నా మనసు తేలిక చేసుకోవడానికా? తేడా ఉందో లేదో తెలియదు. పోతాను.

సెప్టెంబర్ 9

పోయొచ్చాను.

బస్సు దిగి అడుగుతూ అడుగుతూ వెళ్లాను. రేకుల గది, ముందు గోనెపట్టా పరదా. వేడి. దుర్గ కడుపు బాగా కనబడుతోంది, పాదాలు వాచాయి. నన్ను చూసి నిలబడిపోయింది. తర్వాత కుర్చీ జరిపి, "కూర్చోండండీ" అంది.

అండీ. అక్క లేదు.

"టీ పెట్టను లెండి. మా గిన్నెల్లో మీరు తాగరు కదా" అని, నేను నోరు తెరిచేలోగా బయటికెళ్లి పక్క కొట్లో కూల్‌డ్రింక్ సీసా తెచ్చింది. మూత నా ఎదుటే తీసింది. "మా గిన్నె ఏదీ తాకలేదు" అంది. ఎత్తిపొడుపు కాదు. మర్యాద. అందుకే గుచ్చుకుంది. టీ తాగుతానమ్మా అనాలి, అనాలి అనుకుంటూనే ఆ సీసా తాగాను.

అప్పుడు చెప్పాను. గుక్క తిప్పుకోకుండా. సంచి, అట్ట, అగసె పొడి, ఎండ. నమ్మదేమోనని అట్ట ముక్క పేపర్లో చుట్టి తీసుకెళ్లాను, అదీ తీశాను. నాకే నవ్వొచ్చేలా ఉంది ఇప్పుడు, కోర్టుకు పోయినట్టు. "చూడమ్మా, వాసన చూడు."

"వద్దండి, కడుపులో తిప్పుతుంది."

అట్ట ముక్క నా వైపే జరిపి, "మీరు ఇచ్చినప్పుడే ఉంది ఆ వాసన. చెబితే బాధపడతారని ఊరుకున్నా. ఉతికి ఇద్దాంలే అనుకున్నా. మా ఆయన బస్సులో కాళ్ల సందున పెట్టుకునేవారు, పక్కవాళ్లకు రాకుండా."

నేను ఏడ్చాను. నా తప్పమ్మా అన్నాను. మీరు చేపలు వండలేదు, అనవసరంగా నింద వేశాం, నీది ఏ తప్పూ లేదు, ఇంటికి వచ్చెయ్యండి మళ్లీ, పెద్దామెను నేను ఒప్పిస్తాను... ఏవేవో అన్నాను.

దుర్గ పుట్టబోయే బిడ్డ కోసం పాత చీరలు చింపి గుడ్డలు మడుస్తోంది. ఆపలేదు. మడుస్తూనే అడిగింది.

"అదే చేప వాసన అయ్యుంటే?"

"ఏమ్మా?"

"నేను నిజంగానే ఒకరోజు వండుకున్నాననుకోండి. నోరు చేదుగా ఉండి, తినాలనిపించి. అప్పుడు ఈ నెలల్లో నన్ను బయటికి పంపడం కరెక్టేనా అక్కా?"

అక్కా అంది. అలవాటులో వచ్చిందో ఏమో.

కోపంగా అడిగి ఉంటే ఏదో ఒకటి అనేదాన్ని. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. గుడ్డ మడత సరిచేసి, వేరే గుడ్డ తీసుకుంది.

శ్రీను వచ్చే వేళయింది. లేచాను. "వచ్చే వారం క్యాంపుకు వెళ్తున్నా, అమ్మ దగ్గరికి. పురుడు అక్కడే" అంది. మంచిదమ్మా అన్నాను. గుమ్మం దాకా వచ్చింది.

సెప్టెంబర్ 10

అట్ట ముక్క బస్సు కిటికీలోంచి పారేశాను నిన్న. పేపరు మాత్రం చేతిలో ఉండిపోయింది.

సెప్టెంబర్ 12

జవాబులు వస్తున్నాయి, అంట్లు తోముతుంటే, దీపం పెడుతుంటే.

ఇల్లు మాది, ఆచారం మాది, ముందే చెప్పాం, నువ్వు ఒప్పుకునే దిగావు... ఇది ఒకటి. దానికి నేనే తల ఊపుతాను.

మరి ఆ ఒప్పుకోవడం ఎలాంటిది? ఐదు ఇళ్లు తిరిగి, ఐదు చోట్లా అదే మాట విని, ఆరో చోట తల ఊపింది. ఆ సంగతి దుర్గే ఒకసారి మెట్ల మీద నవ్వుతూ చెప్పింది. నేనూ నవ్వాను.

క్షమించమని అడగడానికి పోయాను గానీ ఏం అడిగాను? నువ్వు వండలేదు కాబట్టి నా తప్పు అన్నాను. వండి ఉంటే నా తప్పు లేదన్నట్టే గదా. అట్ట ముక్క చూపించింది అందుకే గదా. ఆ పిల్ల అది పట్టుకుంది. నేను ఇంటికొచ్చి మూడు రోజులకు పట్టుకున్నాను.

సెప్టెంబర్ 13

ఆయనను అడిగాను. "నిజంగనే చేప ఐతే?"

పేపరు మడిచి, "గదెట్ల ఐతది, కాలేదు గదా" అన్నారు.

సెప్టెంబర్ 15

దుర్గకు ఫోన్ చేశాను. ఎత్తింది. క్యాంపు చేరిందట. కాళ్ల వాపు తగ్గిందా? కొంచెం తగ్గిందండి. నీ ప్రశ్నకు జవాబు... అని మొదలుపెట్టాను. "అక్కడ అమ్మ పిలుస్తోంది, ఉంటానండి" అంది. నిజంగానే వెనుక ఎవరో పిలిచారు. వినిపించింది.

సెప్టెంబర్ 18

అవును తప్పే, అనగలనా? ఈ పేజీ మీద అనగలను. చేపైనా నేను చేసింది తప్పే. రాశాను. అత్తమ్మ ముందు అనగలనా? ఇంకా పోతే, ఆ కంపు నిజంగా చేపదై మా పూజ గది దాకా వస్తే నేను ఓర్చుకోగలనా? తెలియదు. ఓర్చుకోలేకపోవచ్చు. నా కడుపులో తిప్పడం అబద్ధం కాదు. అయినా తిప్పింది అగసె పొడికే గదా... చేప అనుకుంటేనే తిప్పింది. ఆ సంగతి మింగుడు పడటం లేదు.

సెప్టెంబర్ 21

పై వాటా చూడటానికి వచ్చారు. మొగుడూ పెళ్లాలు, ఒక చిన్న పాప. అతనికి బ్యాంకు దగ్గరేదో ఉద్యోగం. హట్టి నుంచి వస్తున్నారట. ఆమె మాట మెత్తన. పాప మెట్లన్నీ ఒకసారి ఎక్కి దిగింది.

వాళ్లు రాకముందే నిర్ణయించుకున్నాను. షరతు చెప్పను. అత్తమ్మ చెప్పబోతే అడ్డు పడతాను. ఏం తింటారో వాళ్ల ఇష్టం అంటాను. పొద్దుటి నుంచి ఆ మాటలు కూర్చుకున్నాను.

గదులు చూశారు, నచ్చాయి. కిందికొచ్చారు. అత్తమ్మ మంచం మీద నుంచే, "ఏమమ్మా, నీచు గిట్ల వండుతరా మీరు?"

వచ్చినామె తన మొగుడి వైపు చూసింది. ఒక్క క్షణం. తర్వాత, "లేదమ్మా, మేం ముట్టం" అంది.

ఆ చూపు నాకు తెలుసు.

అత్తమ్మ సంతోషంగా నా వైపు తిరిగింది. ఆ వచ్చినామె కూడా నా వైపు చూసింది. తాళాలు నా చేతిలో ఉన్నాయి. నోరు తెరిచాను.

"నీళ్లు రోజు విడిచి రోజు వస్తయి" అన్నాను.